క్లచ్ పెడలూ, మాస్టారి ప్రశ్నా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి ఓ పావుగంట మాట్లాడు. పదో తరగతి పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్లకు పనికొచ్చేది చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్లుగా నా పని హైడ్రాలిక్ యంత్రాలతో. మట్టి తవ్వే యంత్రాలు, పెద్ద పెద్ద ప్రెస్సులు, వాటి పంపులు, సిలిండర్లు. ఆ పనిలో నేను సాధించినవి చెప్పుకుంటూ పోతే భోజనాల ముందే మీకు నిద్ర వస్తుంది. అందుకని నేను చేసిన ఒక తప్పు చెబుతాను. అది ఆఫీసులో చేసింది కాదు. ఇంటి ముందు, సొంత కారుకి, ఎవరికీ చెప్పకుండా చేసింది. దానికి సాక్షి ఇక్కడే మొదటి వరసలో కూర్చున్నారు, మన ఫిజిక్స్ మాస్టారు. నిన్న సాయంత్రం వారింటికి వెళ్లి, ఈ సంగతి సభలో చెప్పొచ్చా అని అడిగాను. "చెప్పరా, కానీ లెక్కలు తప్పు చెప్పకు" అన్నారు. ఆ భయంతోనే కాగితం మీద రాసుకొచ్చాను.

మా తరగతి వాళ్లందరం ఇప్పుడు యాభై దాటినవాళ్లం. యాభై దాటాక మనం చెప్పకపోయినా మోకాళ్లే చెబుతాయి. నాకు ఎడమ మోకాలు. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్లి వచ్చేలోపు క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతానో ఒకరోజు లెక్కపెట్టాను. నాలుగు వందలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. నా కారు పదకొండేళ్ల పాతది. డీజిలుది, ఏడుగురు పడతారు. క్లచ్ బాగా గట్టిగా ఉండేది. డాక్టరుగారు క్లచ్ లేని ఆటోమేటిక్ కారు కొనుక్కోమన్నారు. మా ఆవిడా అదే అంది. కానీ నేను హైడ్రాలిక్స్ ఇంజనీరుని కదా! నా కారు క్లచ్ హైడ్రాలిక్. నా చేతిలో ఉన్న విద్యకి కొత్త కారు ఎందుకనుకున్నాను.

పిల్లల కోసం, ఆ క్లచ్ ఎలా పనిచేస్తుందో ముందు చెబుతాను. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి క్లచ్ పెడలు నుంచి ఒక తీగ, అంటే కేబుల్, గేరుబాక్సు దాకా వెళుతుంది. నా కారులాంటి వాటిలో తీగ బదులు నూనె ఉంటుంది. పెడలు తొక్కితే ఒక చిన్న రాడ్డు మాస్టర్ సిలిండర్‌లో ఉన్న పిస్టన్‌ని నెడుతుంది. అందులో ఉన్న బ్రేక్ ఆయిల్ సన్నటి గొట్టం గుండా గేరుబాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌కి వెళుతుంది. స్లేవ్ పిస్టన్ ఒక ఫోర్కుని నెడుతుంది. ఫోర్కు రిలీజ్ బేరింగుని, బేరింగు డయాఫ్రం స్ప్రింగు వేళ్లని నొక్కుతాయి. అప్పుడు ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య బిగిసి ఉన్న క్లచ్ ప్లేటు వదులవుతుంది. ఇంజను తన దారిన తిరుగుతుంది, గేరు మార్చుకోవడానికి వీలవుతుంది.

ఇదంతా తొమ్మిదో గదిలో మాస్టారు బల్ల మీద రెండు సిరంజిలు, ఒక సెలైన్ గొట్టం పెట్టి చూపించిన పాస్కల్ నియమమే. బంధించిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్నివైపులా సమానంగా ప్రసరిస్తుంది. పాస్కల్ ఫ్రాన్సు దేశస్థుడు. ద్రవాల సమతాస్థితి మీద ఆయన రాసిన గ్రంథం ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. ఆ నియమంతో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు నాకు జీతం ఇప్పిస్తున్నది ఆ ప్రెస్సు తాలూకు పిల్లలూ మనవలే.

ఇక నా కారు లెక్క. ఆఫీసులో ఉన్న చిన్న ఫోర్స్ గేజిని పెడలు మీద ఆనించి నొక్కి చూశాను. 18 కిలోల బలం చూపించింది. పెడలు ఒక మీట. కాలు పెట్టేచోట 5 సెంటీమీటర్లు కదిలితే రాడ్డు దగ్గర 1 సెంటీమీటరు కదులుతుంది. అంటే 18 కిలోలు పిస్టన్ దగ్గరికి వచ్చేసరికి 90 కిలోలు అవుతుంది. మాస్టర్ సిలిండర్ బోరు ముప్పావు అంగుళం. దాని వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు. 90ని 2.85తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 32 కిలోల పీడనం. కారు టైరులో మనం కొట్టించే గాలి చదరపు సెంటీమీటరుకి రెండున్నర కిలోలు కూడా ఉండదు. అంత పీడనం మన పాదం కింద పుడుతోందని రోజూ కారు నడిపేవాళ్లలో కూడా ఎంతోమందికి తెలియదు.

పిస్టన్ వైశాల్యం తగ్గిస్తే, తక్కువ బలంతోనే అంత పీడనం వస్తుంది. ఇది పదో తరగతి లెక్క. ముప్పావు అంగుళం అంటే పదహారింట పన్నెండు. నేను 5/8 అంగుళం సిలిండర్ దొరకబుచ్చుకున్నాను, అంటే పదహారింట పది. అదే బిగింపు, అదే బోల్టులు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. పన్నెండు వర్గం 144, పది వర్గం 100. పద్దెనిమిదిని 100తో గుణించి 144తో భాగిస్తే పన్నెండున్నర. ఒక ఆదివారం పొద్దున సిలిండర్ మార్చి, మా అబ్బాయి చేత పెడలు తొక్కించి గాలి తీసేసి, గేజి పెట్టి చూశాను. సరిగ్గా పన్నెండున్నర కిలోలు. పెడలు వెన్నముద్దలా దిగింది. ఆ రోజు సాయంత్రం మా ఆవిణ్ణి కారెక్కించుకుని ఊరంతా తిప్పాను. ఆటోమేటిక్ కారు డబ్బు మిగిల్చానని చెప్పుకున్నాను.

నేను సగం లెక్కే చేశానని అప్పటికి తెలియదు. బలం ఎంత తగ్గిందో చూసుకున్నాను గానీ, నూనె ఎంత తగ్గిందో చూసుకోలేదు. పిస్టన్ సన్నబడితే అదే తొక్కుడికి అది తోసే నూనె కూడా తగ్గుతుంది. నా పెడలు చివరిదాకా దిగితే మాస్టర్ పిస్టన్ 25 మిల్లీమీటర్లు కదులుతుంది. స్లేవ్ బోరు 7/8 అంగుళం, అంటే పదహారింట పద్నాలుగు, దాని వర్గం 196. పాత సిలిండర్‌తో స్లేవ్ 18 మిల్లీమీటర్ల పైచిలుకు కదిలేది. కొత్తదానితో 12.75 మిల్లీమీటర్లే. నా కారు క్లచ్ పూర్తిగా విడిపోవాలంటే కనీసం 14 కావాలి. ఈ లోకంలో బలం ఊరికే రాదు, దూరంతో కొనుక్కోవాలి. తిరగలికి పిడిని అంచు వైపు పెడితే చేతికి సులువే గానీ, చెయ్యి తిరగాల్సిన చుట్టు పెద్దదవుతుంది. మా అమ్మకు తెలిసిన సంగతి అది.

వారం తిరక్కుండానే రివర్స్ గేరు వేస్తే గరగరమనడం మొదలుపెట్టింది. అప్పుడైనా ఆగి పాత సిలిండర్ పెట్టేయాల్సింది. నేను ఇంకో తెలివి చూపించాను. పెడలుకీ మాస్టర్ పిస్టన్‌కీ మధ్య ఉన్న రాడ్డుని తిప్పితే పొడుగవుతుంది. పెడలు దగ్గర కాస్త వదులు ఉంటుంది కదా, మన మెకానిక్కులు ప్లే అంటారు, ఆ ప్లే అంతా లాగేశాను. వృథాగా పోతున్న ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొచ్చాయి. గరగర ఆగిపోయింది. మళ్లీ నా వీపు నేనే తట్టుకున్నాను.

కిందటేడు చలికాలంలో మా తరగతి మిత్రులం కలిసి మాస్టారిని శ్రీశైలం తీసుకువెళదామనుకున్నాం. మార్కాపురంలో వారిని ఎక్కించుకుని, దోర్నాల మీదుగా ఘాట్ ఎక్కాం. కారులో ఏడుగురం. మాస్టారికి ఎనభై రెండేళ్లు, షుగరుంది, వేళకి తినాలి. ముందు సీట్లో నా పక్కన కూర్చున్నారు. మలుపుల్లో గేర్లు మారుస్తూ, క్లచ్ తొక్కుతూ, మాటల్లో పడి పోతున్నాం. సగం ఎక్కామో లేదో, ఇంజను హోరు పెరుగుతోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. క్లచ్ స్లిప్ అవుతోంది. కాలిన వాసన. ఒక మలుపు మధ్యలో కారు ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు. నేను హ్యాండ్ బ్రేక్ లాగేలోపు కారు అరగజం వెనక్కి జారింది. బస్సు డ్రైవరు అప్రమత్తంగా ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ ప్రసంగం వేరేగా ఉండేది. అసలు ఉండేది కాదేమో.

అందరం దిగి, కారుని మలుపు దాటించి పక్కకి నెట్టి, చక్రాలకి రాళ్లు పెట్టాం. నల్లమల అడవి. ఫోనుకి సిగ్నల్ లేదు. రాత్రిపూట ఆ దారిలో వాహనాలను వదలరు. మాస్టారు ఒక బండరాయి మీద కూర్చున్నారు. మా వాళ్లలో ఒకడు ఆయనకి బిస్కట్లు పెట్టాడు. కోతులు వాటికోసం వచ్చాయి. మిత్రులందరూ నావైపు చూస్తున్నారు, ఇంజనీరు కదా అని. నాకు చెమటలు పడుతున్నాయి. ప్లేటు పూర్తిగా అరిగిపోయిందేమో అన్నాను.

మాస్టారు పిలిచి, "ఏం మార్చావురా దీనికి?" అని అడిగారు. దాచలేదు. సిలిండర్ సంగతీ, రాడ్డు సంగతీ చెప్పాను. ఆయనకి కారు నడపడం రాదు. సైకిలు తప్ప ఏదీ నడిపినవారు కాదు. కాసేపాగి, క్లాసులో వెనక బెంచీ వాణ్ణి నిలబెట్టినట్టు అడిగారు. "ద్రవాన్ని వేడిచేస్తే ఏమవుతుంది?"

"వ్యాకోచిస్తుంది, మాస్టారూ."

"ఆ గొట్టం ఇంజను పక్కనే గదా ఉంది. నూనె వేడెక్కింది, ఉబ్బింది. అది పోయే దారేది?"

యాభై నాలుగేళ్ల వయసులో, ఆ ఘాట్ రోడ్డు మీద, నోట మాట రాక నిలబడ్డాను. ఎందుకంటే ఆ దారి నేనే మూసేశాను. మాస్టర్ సిలిండర్‌లో సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పెడలు మీద కాలు తీసేసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తే ఆ రంధ్రం తెరుచుకుని, సిలిండర్‌కీ పైన ఉన్న డబ్బాకీ దారి ఏర్పడుతుంది. వేడికి ఉబ్బిన నూనె ఆ దారిన డబ్బాలోకి పోతుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి రావడానికే కంపెనీవాళ్లు పెడలు దగ్గర ఆ కాస్త ప్లే ఉంచుతారు. నేను వృథా అనుకుని లాగేసిన ప్లే అదే. దారి మూసుకుపోయింది. ఉబ్బిన నూనె స్లేవ్‌ని నెట్టింది. నా కాలు పెడలు మీద లేకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంది. ప్లేటు జారింది, జారేకొద్దీ వేడి పెరిగింది, వేడి పెరిగేకొద్దీ ఇంకా జారింది.

స్పానరు తీసుకుని పెడలు కింద దూరాను. లాక్ నట్టు వదులు చేసి రాడ్డుని రెండు చుట్లు వెనక్కి తిప్పాను. డబ్బా మూత తీసి చూస్తున్న మిత్రుడు, "ఒరేయ్, నూనె పైకి చిమ్ముతోంది" అని అరిచాడు. గంటసేపు చల్లారనిచ్చాం. క్లచ్ పట్టింది. కానీ ప్లే ఇచ్చేశాను కాబట్టి గేరు మళ్లీ గరగర. ఇంజను ఆపి, ఫస్ట్ గేరు వేసి, అప్పుడు స్టార్ట్ చేసి, అలా తంటాలు పడుతూ ఎక్కాం. మాస్టారినీ మరో ముగ్గురినీ వెనకొచ్చిన జీపు ఎక్కించాను. స్వామి దర్శనంలో నేను ఏం మొక్కుకున్నానో మీకు చెప్పక్కర్లేదు.

దిగి వచ్చాక కారుని మార్కాపురంలోనే ఒక పాత మేస్త్రీకి అప్పగించాను. ఆయన గేరుబాక్సు దించి నన్ను పిలిచాడు. "సార్, మీరు పైన మార్చారు, జబ్బు కింద ఉంది" అన్నాడు. క్లచ్ ప్లేటు రివిట్ల దాకా అరిగిపోయింది. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, డయాఫ్రం స్ప్రింగు వేళ్ల కోణం మారుతుంది, వాటిని నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. పెడలు ఏళ్ల తరబడి నెమ్మదిగా గట్టిపడటానికి అదొక కారణం. ఫోర్కు ఆనుకుని తిరిగే గుండు దగ్గర గ్రీజు ఎండిపోయి ఇనుము ఇనుముని రాసుకుంటోంది. బేరింగు జారే గొట్టం తుప్పు పట్టింది. పెడలు ఇరుసులో బుష్షులు అరిగాయి. 18 కిలోల్లో సిలిండర్ తప్పు ఒక్క కిలో కూడా లేదు. కారు కొత్తగా ఉన్నప్పుడు అదే సిలిండర్‌తో నేను హాయిగా నడిపాను కదా, ఆ మాట నాకు ఎందుకు తట్టలేదు?

కొత్త క్లచ్ సెట్టు వేసి, గ్రీజు పెట్టి, బుష్షులు మార్చి, పాత ముప్పావు అంగుళం సిలిండరే బిగించి కొలిస్తే 13 కిలోలు. ఏ మార్పూ చేయకుండానే 5 కిలోలు తగ్గింది. అప్పుడు, ఈసారి కాగితం మీద రెండు లెక్కలూ వేసి, 11/16 అంగుళం సిలిండర్ పెట్టాను. పదకొండు వర్గం 121. బలం 13 నుంచి 11 కిలోలకు వచ్చింది. స్లేవ్ కదలిక 15.4 మిల్లీమీటర్లు, కావలసిన 14కి పైనే. ప్లేకి ఒక్క మిల్లీమీటరు కూడా తీసుకోలేదు. ఏడాదిగా ఏ ఇబ్బందీ లేదు. మళ్లీ అదే ఘాట్ ఎక్కి చూశాను, ఈసారి ఒక్కణ్ణే.

మీలో కారు మీద చెయ్యి చేసుకునే అలవాటున్నవాళ్లకు రెండు మూడు మాటలు. క్లచ్ గట్టిపడితే ముందు అరుగుదల, గ్రీజు, బుష్షులు చూడండి. పెడలు స్పాంజిలా మెత్తగా దిగితే గొట్టంలో గాలి ఉందేమో, రబ్బరు హోసు ఉబ్బుతోందేమో చూడండి. స్టీలు అల్లిక చుట్టిన హోసు వేస్తే ఉబ్బు తగ్గుతుంది, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో పాదానికి బాగా తెలుస్తుంది, కానీ బరువు తగ్గదు. డబ్బా మూత మీద ఏ రకం నూనె అని రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 3, డాట్ 4 నూనెలు గాలిలో తేమని పీల్చుకుంటాయి కాబట్టి పాతబడితే మార్చాలి. వాటిలో ఇంజనాయిల్ చుక్క కలిసినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కొన్ని కార్లలో నూనె వెనక్కి నెమ్మదిగా వచ్చేలా సన్నటి అడ్డు ఒకటి పెడతారు. క్లచ్ మొద్దుగా ఉందని కొందరు దాన్ని పీకేస్తారు. పెడలు మీద కాలు ఒక్కసారిగా తీసినప్పుడు గేరుబాక్సుకీ ఇరుసులకీ దెబ్బ తగలకుండా పెట్టిన అడ్డు అది. తీసేస్తే ఆ జాగ్రత్త అంతా మన పాదమే తీసుకోవాలి. ఏ ముక్కని తీసినా, అది ఎందుకు పెట్టారో తెలిశాకే తీయండి. పాతముక్కని పారేయకుండా దాచండి.

ఆఫీసులో ఒక సిలిండర్ సైజు మార్చాలంటే నేను లెక్క వేస్తాను, ఇంకొకరు సరిచూస్తారు, మూడోవారు సంతకం పెడతారు, ఖాళీ యంత్రం మీద పరీక్షించాకే మనుషుల్ని దగ్గరికి రానిస్తాం. ముప్పై ఏళ్లుగా కుర్రవాళ్లకు నేను చెప్పే పాఠం అది. ఇంటి ముందు అవేవీ చేయలేదు. ఆరుగురిని కారెక్కించుకుని, ఏం మార్చానో ఒక్కరికీ చెప్పకుండా ఘాట్ ఎక్కాను. ఆ ఆరుగురికీ ఆ రోజు ఫలహారాల దగ్గర క్షమాపణ చెప్పాను. ఇవాళ మీ అందరి ముందు మళ్లీ చెబుతున్నాను. ఆ బస్సు డ్రైవరు పేరు తెలుసుకోలేదు. ఆయనకీ చెబుతున్నాను.

పిల్లలూ, మీరు పరీక్షకి పాస్కల్ నియమం బట్టీ పట్టి రాస్తారు, రెండు మార్కులు వస్తాయి. నేనూ అలాగే రాశాను, మాస్టారు రెండుకి రెండూ వేశారు. ఘాట్ మీద ఆయన నన్నడిగింది ఆ నియమం కాదు, దాని తర్వాతి ప్రశ్న. మీ మాస్టార్లను ఆ తర్వాతి ప్రశ్న అడగమనండి. వాళ్లు అడగకపోతే మీరే అడగండి.

రెండు సిరంజిల ఆ బల్ల ఇంకా ల్యాబులో ఉందని పొద్దున చూశాను. గొట్టం మాత్రం ఎండి పగిలిపోయింది. కొత్త గొట్టమూ, వేర్వేరు సైజుల్లో నాలుగు సిరంజిలూ తెచ్చి హెడ్మాస్టరుగారికి అప్పగించాను. ఈసారి పెద్ద సిరంజి ఎంత దూరం కదిలిందో కూడా కొలవడానికి పక్కన ఒక స్కేలు బిగించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబుకి రండి, మాస్టారే చూపిస్తానన్నారు.

మాస్టారూ, లెక్కలు సరిగ్గానే చెప్పాననుకుంటున్నాను. తప్పుంటే నిలబెట్టండి.

సెలవు.